టెలిఫోను దొంగలు - కంపెనీల బాధ్యత

సెల్‌ఫోను మోసములను తామేల యరికట్టలేకున్నారని యడిగినచో, కంపెనీలవారు సాంకేతికపు చిక్కులని సెలవిచ్చుచున్నారు. చిక్కులు లేవని మేమనము. ప్రభుత్వాజ్ఞ లేనిది ప్రజల సంభాషణను విను నధికారము కంపెనీకి లేదు, ఉండనుంగూడదు. అదిగాక, టెలిఫోను వ్యవస్థ పూర్వము ఒక కంపెనీ చెప్పిన నంబరును మఱియొక కంపెనీ నమ్మునట్లు నిర్మింపబడినది. అందువలననే విదేశపు పిలుపు మన దేశపు నంబరును ధరించి రాగలిగెను. 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము వీనిని పట్టు యంత్రాంగమును నెలకొల్పగా, తొలి 24 గంటలలోనే సుమారు 1.35 కోట్ల దొంగపిలుపులు చిక్కినవి!

అయినను సిమ్‌బాక్సు మాట యేమి? ఆ పెట్టెలో స్వదేశపు సిమ్ములనే పదులకొలది గ్రుచ్చి, ఇంటర్నెట్టుపై వచ్చిన పిలుపును స్థానికపు పిలుపుగా మార్చుచున్నారు. ఆ సిమ్ములు ఆకాశమునుండి ఊడిపడలేదు; కంపెనీల యేజెంట్లు అమ్మినవే. కదలక యొకచోటనే యుండి, దినమెల్ల పిలుపులు పంపుచు, ఒక్కటియైనను అందుకొనని సిమ్ము వారి లెక్కలలో కానరాదా? బిల్లులో పైసయైనను తప్పనివారికి ఇది కానరాదనిన నమ్ముటెట్లు?

వాట్సాపు పిలుపులు వారి చేతిలో లేవు, నిజమే. తమ సిమ్ముల మాట వేఱు.

2018 నాటి ట్రాయి నిబంధనలు వ్యాపారసందేశములు పంపువారు నమోదు కావలెనని శాసించినవి. నమోదు కానివానిపై 1909 కు ఫిర్యాదు చేయవలసినవాడు మరల బాధితుడే! 2023 నాటి చట్టము వంచనతో సిమ్ము పొందినవానికి మూడేండ్లవఱకు చెఱ విధింపవచ్చుననుచున్నది. చెఱవలన పోయిన సొమ్ము రాదు. దొంగసిమ్ముతో జరిగిన నష్టములో దానినమ్మిన కంపెనీ కొంత భరించునట్లు ప్రభుత్వము శాసింపవలెనని మేము కోరుచున్నాము.