సిమెంటు పోయకముందే బజారును అడగాలి

పల్నాడు పల్లెల్లో బజారుకు సిమెంటు రోడ్డు పడటమంటే పండగే. మోకాలి లోతు బురద పోతుంది, వానాకాలంలోనూ పిల్లలు చెప్పులతో బడికి వెళ్తారు, 108 బండి గుమ్మం ముందుకే వస్తుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులు ఎంచుకున్నారు. అదే అక్టోబరులో ‘పల్లె పండుగ’ పేరుతో 3 వేల కిలోమీటర్ల సీసీ రోడ్లు తలపెట్టారు. కావలసిన పనే, ఎవరూ కాదనరు. అయితే రోడ్డుతో పాటు పిలవని చుట్టంలా వేగం కూడా వస్తుంది. గుంతల్లో ఇరవైకి మించని బండి నున్నటి సిమెంటు మీద యాభై అందుకుంటుంది. కొన్నాళ్లకు ఏ ముసలమ్మకో, ఏ బడిపిల్లకో తగులుతుంది. ఆ రాత్రికే కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా ఒక గుట్ట పోస్తారు. కోటప్పకొండ కింది ఊళ్లలోనైనా, నరసరావుపేట శివారు కాలనీల్లోనైనా వరస ఇదే. ఆ గుట్ట గురించిన నిర్ణయం దెబ్బ తగిలాక కోపంలో కాక, సిమెంటు పడకముందే గ్రామసభలో, ఆ బజారులో కాపురముండేవాళ్ల నోటి మీదుగా జరగాలన్నదే నా వాదన.

అసలు భయపడవలసింది వేగానికేనా అంటే, లెక్కలు అవుననే చెబుతున్నాయి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం అతివేగం ఖాతాలోనివే. పోయినవాళ్లలో 32 వేల మందికి పైగా కాలినడకన వెళ్తున్నవాళ్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కారు తగిలితే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారని, 45 దాటితే సగంమంది కూడా దక్కరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మరి మన పరిమితి ఎంత? 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ పురపాలక పరిధిలోని రోడ్ల మీద కారుకు 70, మోటారు సైకిలుకు 60 గరిష్ఠంగా పెట్టింది. పల్లె బజారుకు అందులో వేరే గడే లేదు. అది ‘ఇతర రోడ్ల’ కిందకు వస్తుంది, అక్కడా ఇవే అంకెలు. అరుగుకూ అరుగుకూ మధ్య పన్నెండడుగుల సందులో అరవైతో దూసుకుపోయినవాడు కాగితం మీద వేగపరిమితి దాటినట్టే కాదు! మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన వారు గానీ అంతకంటే తక్కువ పరిమితి పెట్టి బోర్డులు నాటవచ్చు. ఆ సెక్షన్ పట్టుకుని మా బజారుకు పాతిక చాలు అని తీర్మానం చేసి పంపే అలవాటే మన పంచాయతీలకు లేదు.

రాత్రికి రాత్రి వెలిసే గుట్టను తిట్టడం సులువు, తిట్టవలసిందే కూడా. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు, పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి పెద్ద కుదుపు లేకుండా దాటాలి. నలభై మీటర్ల ముందు బోర్డు ఉండాలి, చీకట్లో కనపడేలా రంగు పట్టీలు ఉండాలి. మన బజార్లలో ఉండేది అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. మిర్చి టిక్కీలతో వెళ్లే ట్రాక్టరు ట్రక్కు అక్కడ ఎగిరిపడుతుంది, బండి వెనక ఒకవైపుకు కూర్చున్న ఆడమనిషి జారిపోతుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఏటా వేలమంది చనిపోతున్నారని దశాబ్దం కిందటి కేంద్ర నివేదికలే విడిగా లెక్క చూపాయి. ప్రాణం కాపాడాలని పోసిన సిమెంటే ప్రాణం తీస్తోంది. దీన్ని చూపి, జనం చేతికి ఇస్తే ఇంతే అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి కనపడుతుంది. జనం అడగకపోయినా ఆ పనిలోకి దిగనే దిగారు. వాళ్లకు పట్టుదల ఉంది, కొలత తెలియదు. కొలత తెలిసిన ఇంజనీరుకు ఏ మలుపులో పిల్లలు ఆడుకుంటారో, ఏ అంగన్‌వాడీ గుమ్మం నేరుగా రోడ్డు మీదకు తెరుచుకుంటుందో తెలియదు. ఇద్దరూ ఒకచోట కూర్చోకపోవడమే జబ్బు.

ఇది పోలీసుల పని కదా అనడం మనకు అలవాటు. పెద్ద రోడ్డు మీద నిజమే. కార్తీకమాసంలో, సోమవారాల్లో నరసరావుపేట నుంచి, చిలకలూరిపేట నుంచి కోటప్పకొండకు వచ్చే కార్లను ఆపాలంటే పోలీసులు కావలసిందే. ఆ రోడ్డు పంచాయతీది కాదు కాబట్టి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అర్జీ వెళ్లాలి. లోపలి బజారు సంగతి వేరు. అక్కడ తిరిగే బండ్లలో చాలావరకు ఆ ఊరివాళ్లవే. ఆ మోటారు సైకిలు మీద పోయేది మూడో ఇంటి కుర్రాడు, ఆ ఆటో నాలుగిళ్ల అవతలి వాళ్లది. ప్రతి సందులోనూ కానిస్టేబులును నిలబెట్టలేం, నిలబెట్టినా ఆ కుర్రాణ్ని ఆపగలిగేది కానిస్టేబులు కంటే ఆ బజారు పెద్దమ్మే. ధనుర్మాసంలో చూడండి, ముగ్గు తొక్కకుండా బండి పక్కకు తిప్పే కుర్రాడికి ఎవరూ చలానా రాయలేదు. ఇక్కడ మనుషులుంటున్నారు, ఇది వాళ్ల జాగా అని కంటికి కనపడితే చేయి బ్రేకు మీదకు దానంతటదే పోతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో 1960ల చివర బజారు జనం తామే రాళ్లు పెకలించి దారిని వంకర తిప్పారు. అధికారులు వాళ్ల మీద కేసులు పెట్టి ఊరుకోలేదు, ఆ పద్ధతి నేర్చుకున్నారు. 1976లో అలాంటి వీధులకు దేశ చట్టంలోనే చోటు దొరికింది. వాటిలో బండి మనిషి నడకతో సమానంగా పోవాలి. బండ్లు పెరిగితే పోయేది ప్రాణాలే కాదు, ఇరుగుపొరుగు పొత్తు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు మూడు వీధులను పోల్చి చూశాడు. బండ్లు తక్కువగా తిరిగే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులుంటే, బండ్లు ఎక్కువైన వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు. మన అరుగులు ఎందుకు ఖాళీ అవుతున్నాయో టీవీని ఒక్కదాన్నే నిందించి ఊరుకోలేం. ఆ ఆపిల్‌యార్డ్ 1982లో ఏథెన్స్‌లో వేగంగా వచ్చిన కారు కిందే పడి చనిపోయాడు.

సామాన్య జనం కూర్చుని ఇంత వివరంగా తేల్చుకోగలరా అనే సందేహం కోటప్పకొండ తిరునాళ్ల చూసినవాళ్లకు రాకూడదు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లు ఎనభై తొంభై అడుగుల ప్రభలు కట్టి కొండ కిందికి నడిపిస్తాయి. ఏ బజారు గుండా, ఏ వేళకు, ఏ మలుపులో ఎవరు మోకు పట్టాలి, ఎక్కడ కరెంటు ఆపాలి, ఎక్కడ తీగలు దించాలి, ఏ దారిన బస్సులు మళ్లించాలి అన్నీ ఊరి జనం, కరెంటోళ్లు, పోలీసులు, ఆర్టీసీవాళ్లు కూడబలుక్కునే చేస్తారు. చందాలు వాళ్లే వేసుకుంటారు, మలుపు ఎన్ని అడుగులో టేపుతో వాళ్లే కొలుచుకుంటారు. ప్రభల్లో పోటీలు, పార్టీల జెండాలు, చెవులు పగిలే డీజేలు చేరిన మాటా నిజమే, నేను వాటిని మెచ్చుకోవడం లేదు. కానీ ఒక రాత్రి కోసం రోడ్డు మీద ఏం పోవాలో, ఎంత నెమ్మదిగా పోవాలో తేల్చుకోగలిగిన ఊరికి, మిగతా ఏడాదికి తేల్చుకునే తెలివి లేదంటే నమ్మను.

అభ్యంతరాల్లో తేలికవి కొన్ని ఉన్నాయి. 108 ఆలస్యమవుతుందనేది ఒకటి. కొలత ప్రకారం కట్టిన గుట్ట మీద అంబులెన్సుకు పోయేవి కొన్ని క్షణాలే, ఇప్పటి జానెడు గుట్టల మీదే రోగి నరకం చూస్తున్నాడు. గుట్టే కట్టాలని కూడా లేదు. మలుపు దగ్గర రోడ్డు సన్నం చేయవచ్చు, పక్కన చెట్టు నాటవచ్చు, బడి ముందు నడిచే జాగాను ఎత్తు చేయవచ్చు. బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. గ్రామసభ అంటే ఊళ్లో మోతుబరుల సభే అవుతుందని, సర్పంచ్ ఇంటి ముందు రెండు బ్రేకర్లు పడి ఎస్సీ కాలనీ ముందు ఒక్కటీ పడదని. పల్నాటి వర్గాల సంగతి ఎరిగినవాళ్లెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. అయితే అధికారుల చేతికిస్తే ఈ పక్షపాతం పోతుందా? అక్కడా సిఫారసు ఉన్నవాడిదే పైచేయి, కాకపోతే అది నలుగురి ముందు జరగదు. అందుకే ఊరంతటికీ ఒకే సభ చాలదు, బజారుకో కూటం పెట్టాలి. కాలనీ విషయం కాలనీలోనే, సాయంత్రం కూలి నుంచి వచ్చాక అడగాలి. రోడ్డు పక్కనే అంట్లు తోమేది, బట్టలుతికేది, పిల్లల్ని చూసుకునేది ఆడవాళ్లు కాబట్టి వాళ్ల మాట విడిగా రాసుకోవాలి. ఏ బజారు ఏమి అడిగిందో, ఏది ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో సచివాలయం గోడకు అంటించాలి.

కొత్త శాఖ ఏదీ అక్కర్లేదు. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉన్నాడు. రోడ్ల బాధ్యత పంచాయతీలకు అప్పగించవచ్చని రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోనే ఉంది. కావలసిందల్లా సీసీ రోడ్డు ఎస్టిమేటు పైకి పంపేటప్పుడు వేగం తగ్గించే ఏర్పాట్లకు ఒక పద్దు, దాని వెనక ఆ బజారు సంతకాలు. అవి లేని ఎస్టిమేటును మండల ఇంజనీరు తిప్పి పంపాలి. ఇప్పటికే సిమెంటు పడిన చోట ఆశ్వయుజంలో ఇసుక బస్తాలు, సున్నం గీతలతో తాత్కాలికంగా పెట్టి చూడవచ్చు. కార్తీకమాసం రద్దీ అంతా వాటి మీదుగా పోనివ్వాలి. ఎవరికి ఇబ్బందైంది, ట్రాక్టరు ఎక్కడ ఇరుక్కుంది, ఏ మలుపులో బండ్లు నిజంగా నెమ్మదించాయి అని ఇంజనీరింగ్ అసిస్టెంటు రాసుకుంటే, ఆ బస్తాలు తీసేయాలో అక్కడే కొలత ప్రకారం కట్టాలో మార్గశిరంలో కూర్చునే సభ తేలుస్తుంది.