ఉమ్రా ప్రయాణం, బీమా పత్రంలో దాగిన జబ్బు

బాధ్యతలన్నీ తీర్చుకుని, ఏళ్ల తరబడి రూపాయి రూపాయి కూడబెట్టుకుని, మన పెద్దలు ఉమ్రాకు బయలుదేరుతారు. అప్పటికి మోకాళ్ల నొప్పి, షుగరు, రక్తపోటు కూడా వారి వెంటే ఉంటాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. మన వీధుల్లో ఈ మందులు వాడని ఇల్లు వెదికితే గాని దొరకదు. అయినా ప్రయాణ బీమా దరఖాస్తులో 'ఇప్పటికే ఏవైనా వ్యాధులున్నాయా?' అన్న ప్రశ్నకు చాలాసార్లు పడే జవాబు 'లేవు'.

ఆ జవాబు రాసేది తరచుగా యాత్రికుడు కాదు, ట్రావెల్ ఏజెంటు. పాస్‌పోర్టు నకలు తీసుకుని తానే అంతా నింపేస్తాడు. నిజం రాస్తే ప్రీమియం పెరుగుతుందని, డాక్టరు కాగితాలు అడుగుతారని, పని ఆలస్యమవుతుందని అతని భయం. ఇంగ్లీషు అర్థం కాని అమ్మలు, అబ్బాలు చూపించిన చోట సంతకం పెడతారు. మక్కాలో గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరిన నాడు, సంచిలోని షుగరు మాత్రలే ఆ 'లేవు'కు వ్యతిరేక సాక్ష్యమవుతాయి. సాధారణంగా, దరఖాస్తు నింపిన ఏజెంటు ఆ రోజు ఫోను ఎత్తడు.

'వీసాతోపాటే బీమా ఉంది కదా' అనేవారున్నారు. నిజమే, ఉమ్రా వీసాతో సౌదీ ప్రభుత్వం బీమాను జతచేసింది. కాని అది అత్యవసర చికిత్స కోసం ఉద్దేశించినది. ఏళ్లుగా నడుస్తున్న వైద్యాన్ని అక్కడ కొనసాగించడానికి కాదు. 2024 హజ్‌లో మరణించిన 98 మంది భారతీయుల విషయంలో విదేశాంగ శాఖ చెప్పిన కారణాల్లో దీర్ఘకాలిక వ్యాధులు, వృద్ధాప్యం కూడా ఉన్నాయి. సఫా, మర్వాల మధ్య సయీ ఒక్కటే మూడు కిలోమీటర్లు దాటే నడక.

ఇక మన దేశంలో అమ్మే విదేశీ ప్రయాణ పాలసీల్లో అనేకం పాత వ్యాధులను పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ రోగి నిలదొక్కుకునే వరకే ఖర్చు భరిస్తాయి. మామూలు ఆరోగ్య బీమాలో పాత వ్యాధుల నిరీక్షణ కాలం 36 నెలలకు మించరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో కట్టడి చేసింది. మంచిదే. కాని ఆ రక్షణ విదేశీ ప్రయాణ పాలసీలకు వర్తించదు. దేశంలోపలి ప్రయాణాలకు 2021లోనే ప్రామాణిక పాలసీని తెచ్చిన సంస్థ, సముద్రం దాటే వృద్ధులకు అలాంటిది ఎందుకు తేలేదు? ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. ఈ ప్రశ్నను అక్కడికి తీసుకెళ్లడానికి మన సంఘాలకు ఢిల్లీ రైలు ఎక్కవలసిన పని కూడా లేదు.

నిజం చెప్పినవారికి న్యాయస్థానం అండగా నిలిచింది. మధుమేహం ఉన్నదని ముందే తెలిపి, వైద్యపరీక్ష చేయించుకుని పాలసీ తీసుకున్న ఒక ప్రయాణికుడు 2009లో అమెరికాలో దిగగానే గుండెపోటుకు గురయ్యాడు. కంపెనీ డబ్బు ఇవ్వనన్నది. దరఖాస్తులో వెల్లడించిన వ్యాధిని తెలిసే పాలసీ ఇచ్చి, తరువాత అదే వ్యాధిని సాకుగా చూపి క్లెయిము తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 6న తీర్పు చెప్పింది. గడి ఖాళీగా వదిలేస్తే, అడిగి నింపించుకోవలసింది కంపెనీయేనని కూడా స్పష్టం చేసింది. న్యాయం దక్కడానికి పన్నెండేళ్లు పట్టిందన్నది వేరే విషాదం. అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకూ ఈ తీర్పు అవసరమే.

బీమా విషయంలో మతపరమైన సందేహం ఉన్నవారు తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవాలి. మేము ఫత్వా ఇవ్వబోము. అయితే తీసుకున్న వారు అబద్ధం మీద తీసుకోరాదన్న విషయంలో ఏ ఆలిమ్‌కూ భేదాభిప్రాయం ఉండదనుకుంటాము.

పాలసీ సారాంశ పత్రాన్ని కోరితే స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన ఉంది. తెలుగులోనో, ఉర్దూలోనో అడగండి. కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా సరైన జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే కార్యాలయం. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు అక్కడ ఫీజు లేకుండా, వకీలు లేకుండా తేలుతాయి.

హజ్ యాత్రికులకు జరిగే శిక్షణ శిబిరాల వంటివి ఉమ్రా యాత్రికులకూ పెట్టాలని, దరఖాస్తు నింపిన ఏజెంటు పేరు, సంతకం అందులోనే ఉండేలా నియమం చేయాలని ప్రభుత్వాలను కోరుతున్నాము. ఆలోగా మస్జిద్ కమిటీల్లోని చదువుకున్న యువకులు ఒక్కో కుటుంబంతో కూర్చుని ఆ గడులు నింపించవచ్చు. డాక్టరు చీటీలో మందుల అసలు పేర్లు రాయించండి, తిరిగి వచ్చే రోజుకు మించి సరిపడా మందులు సర్దండి. ఆసుపత్రిలో చేరేముందు పిలవవలసిన బీమా సహాయ నంబరును పెద్దవారి మెడలోని గుర్తింపు కార్డు వెనుక పెద్ద అక్షరాలతో రాయండి.