తీగ ఎవరిదో ముందు అడగండి

విశాఖలో గూగుల్ భారీ ఏఐ కేంద్రం పెడుతోందని 2025 అక్టోబరు 14న ప్రకటన వచ్చింది. అప్పటి నుంచి మీ ఫోన్లలో తిరుగుతున్న మెసేజీలు అన్నీ ఇన్నీ కావు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వామ్యం, సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్లు ఒడ్డుకు చేరే కేంద్రం... వినడానికి బాగానే ఉంది. మరి వైరాలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న మీకు, ఏన్కూరులోనో జూలూరుపాడులోనో ఐటీఐ పూర్తిచేసి నోటిఫికేషన్ల కోసం చూస్తున్న మీ తమ్ముడికి అందులో ఏముంది?

దానికి జవాబు కావాలంటే ఈ కంపెనీ నెట్ కనెక్షన్ల వ్యాపారంలో ఇంతవరకు ఏం చేసిందో చూడాలి. గూగుల్‌కు ఆదాయం ప్రధానంగా ప్రకటనల నుంచే వస్తుంది. ఎంతమంది నెట్‌లోకి వస్తే అన్ని వెతుకులాటలు, అన్ని ప్రకటనలు. కాబట్టి అది కనెక్షన్ ఇచ్చినా టోల్ వసూలు చేసుకుందామని కాదు, దారి పక్కనున్న తన కొట్టుకు గిరాకీ పెరగాలని. దారి ఇంకెవరైనా వేస్తే మరీ మంచిది, ఖర్చు తప్పుతుంది. దీన్ని మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అమెరికాలో గూగుల్ ఫైబర్ సంగతి చూడండి. మా ఊరికి రండంటే మా ఊరికి రండని 2010లో వెయ్యికి పైగా ఊళ్లు దరఖాస్తు పెట్టుకున్నాయి. టొపీకా అనే నగరమైతే కొన్నాళ్లు తన పేరునే గూగుల్ అని మార్చుకుంది! చివరికి 2012లో కాన్సాస్ సిటీలో సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో సర్వీసు మొదలైంది. ఆ తర్వాత కొన్ని నగరాలకు పాకింది, 2016లో విస్తరణకు బ్రేకు పడింది. లూయీవిల్ నగరంలో ఖర్చు తగ్గించుకుందామని రోడ్డులో రెండు అంగుళాల లోతు గాడి కోసి కేబుల్ పెట్టారు. అది కాస్తా పైకి తేలింది. 2019 ఏప్రిల్‌లో ఆ ఊళ్లో సర్వీసే మూసేసి, రోడ్ల మరమ్మతుకు నగరానికి డబ్బు కట్టారు. లోకంలో పేరున్న ఇంజినీర్లంతా ఉన్న కంపెనీని ఓడించింది రెండు అంగుళాల గాడి. మన దగ్గర కేబుల్ తవ్వకం చూసినవాళ్లెవరైనా ఆ లోతు చాలదని చెప్పేవారు.

మన దేశంలో కథ ఇంకా ఆసక్తిగా నడిచింది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో ఉచిత వైఫై మొదలైంది. ఏప్రిల్ నాటికి విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ కూడా జాబితాలో చేరాయి. 2018 నాటికి 400 స్టేషన్లు పూర్తయ్యాయి. ఎర్నాకుళం స్టేషన్‌లో ఒక కూలీ సామాను మోస్తూనే ఆ వైఫైతో పాఠాలు విని కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష గట్టెక్కాడని పత్రికలన్నీ రాశాయి. అయితే 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఈ పథకాన్ని ఆపేస్తున్నట్టు చెప్పింది. జియో వచ్చాక డేటా చౌకైపోయింది, ఇక మా అవసరం అంతగా లేదన్నది కారణం. అబద్ధం కాదు. దారి వేసేవాళ్లు దొరికారు, కొట్టువాడు పార దించాడు. అదే ఏడాది జులైలో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 33,737 కోట్ల రూపాయలు పెట్టి 7.73 శాతం వాటా తీసుకున్నాడు కూడా!

మరి స్టేషన్లలో వైఫై ఏమైంది? ఆగలేదు. పట్టాల పక్కన పరిచిన ఫైబర్ మొదటి నుంచీ రైల్వే సంస్థ రైల్‌టెల్‌ది. గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ నడిపించింది, ఆరువేలకు పైగా స్టేషన్లకు తీసుకెళ్లింది. పోస్టరు మీద పేరు మారింది, తీగ మారలేదు. తీగను చూసుకునే ఉద్యోగమూ మారలేదు.

ఇక అడవి సంగతి. జూలూరుపాడు దాటి కొత్తగూడెం, భద్రాచలం వైపు వెళ్లేకొద్దీ కేబుల్ కోసం భూమి తవ్వడం మాటలు కాదు. అటవీ అనుమతులు కావాలి, వాగులు దాటాలి, గోదావరి దాటాలి. ఇలాంటి చోట్ల కోసమే గూగుల్ మాతృసంస్థలోని ‘ఎక్స్’ ప్రయోగశాల ఓ ఉపాయం పట్టింది. రెండు టవర్ల మీద రెండు పెట్టెలు పెట్టి, మధ్యలో కంటికి కనిపించని సన్నని కాంతిపుంజంతో డేటా పంపడం. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌తో ఇలాంటి 2000 లింకులకు ఒప్పందం ప్రకటించారు. ఆఫ్రికాలో కాంగో నదికి అటూ ఇటూ ఉన్న రెండు రాజధానుల మధ్య దాదాపు ఐదు కిలోమీటర్ల దూరాన్ని ఇలాగే కలిపారు. ‘తారా’ పేరుతో నడిచిన ఆ ప్రాజెక్టు 2025లో విడి కంపెనీ అయింది. మంచు పడితే, మధ్యలో చెట్టు అడ్డొస్తే ఇబ్బందే. అయినా మన అడవి అంచుకు పనికొచ్చే ఆలోచన. గమనించాల్సిందేమిటంటే, ఆ పెట్టెలకూ టవరు కావాలి, కరెంటు కావాలి, పైకెక్కి గురిచూసి బిగించే మనిషి కావాలి.

ఆ మనిషి గురించే మా మాట. ఇంట్లో నెట్ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే మనం ఫోన్ చేసి తిట్టేది ఆయన్నే. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ కేబుల్ తెంపేస్తే, ఓటీడీఆర్ అనే యంత్రంతో ఒక కాంతి స్పందన పంపి, అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో పట్టుకుంటాడు. పైపూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొసను తిన్నగా కోసి, మెషీన్‌లో రెండు కొసల్నీ కరిగించి అతికిస్తాడు. అతికేది వెంట్రుకంత మందమున్న గాజు పోగు. అతుకు దగ్గర నష్టం 0.1 డెసిబెల్ లోపు ఉండాలి. ఇంతలో ఊళ్లో నెట్ సెంటర్ దగ్గర దరఖాస్తుకు ఆఖరి రోజని పిల్లలు క్యూలో ఉంటారు. ఏడాది చదువు ఆ అతుకు మీద ఆధారపడి ఉంటుందంటే అతిశయోక్తి కాదు. ఆ క్యూలో మీరూ నిలబడే ఉంటారు.

తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల వెంట టీ-ఫైబర్ కేబుల్ వేశారు. పంచాయతీలకు నెట్ ఇచ్చే భారత్‌నెట్ సవరణ పథకానికి కేంద్రం 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. తవ్వడం ఒక్కసారే. తెగినప్పుడల్లా అతికించడం మాత్రం ఏళ్ల తరబడి ఉండే పని. అందుకే విశాఖ కేంద్రం కోసం ఊరకే ఎదురుచూడటం కన్నా ఈ పని నేర్చుకోవడం మేలని మా అభిప్రాయం. డేటా సెంటర్ కట్టేటప్పుడు జనం ఎక్కువ కావాలి, నడిపేటప్పుడు తక్కువ. ఉద్యోగాల లెక్కల్లో ‘పరోక్ష’ అనే మాట ఎక్కడుందో వెతికి చదవండి.

ఐటీఐ, ఇంటర్ వాళ్లకు టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ గుర్తించిన ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్, టెక్నీషియన్ కోర్సులున్నాయి. డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లు రైల్‌టెల్ అప్రెంటిస్ ప్రకటనలపై కన్నేసి ఉంచాలి. డిగ్రీ కంప్యూటర్స్ వాళ్లు ఏఐ కోర్సుకని అమీర్‌పేటలో ఫీజు కట్టేముందు రౌటింగ్, స్విచింగ్, లినక్స్ గట్టిగా పట్టుకోండి. వాటికి ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి చాలు.

అలాగని ఈ పనిని బంగారం అని చెప్పడం లేదు. కంపెనీ పేరు పెద్దది, జీతమిచ్చేది మాత్రం దాని కింద కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, వానలో స్తంభం ఎక్కమంటారు, పెట్రోలు మీదే అంటారు. అందుకే చేరేముందు అడగండి. నియామకపత్రం ఎవరి పేరు మీద ఇస్తారు? పీఎఫ్ ఖాతా నంబరు మొదటి నెలలోనే వస్తుందా? ఎత్తులో పనికి బెల్టు, ప్రమాద బీమా ఉన్నాయా? స్ప్లైసింగ్ మెషీన్ పాడైతే ఖర్చు ఎవరిది? నోటిమాటతో సరిపెట్టేవాడి దగ్గర చేరకండి.

ఇంకొకటి. ‘విశాఖ గూగుల్‌లో ఉద్యోగం, ముందు కొంత డిపాజిట్ కట్టాలి’ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఉద్యోగం ఇవ్వడానికి గూగుల్ అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకోదు. దాని ఖాళీలన్నీ దాని సొంత కెరీర్స్ సైట్‌లోనే ఉంటాయి, చూడటానికి పైసా కట్టక్కర్లేదు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి.