గల్లాపెట్టెకి తెలుగు రాదా?

పోయినేడు అమ్మతో కలిసి ఒక విమానాశ్రయంలో కూర్చున్నాను. ఏ ఊరిదన్నది ఇక్కడ అనవసరం. రెండు టీలు తెచ్చాను. బిల్లు చూసి అమ్మ కప్పు కింద పెట్టేసింది. "ఈ దుడ్లతో చంద్రగిరిలో వారం రోజులు తాగొచ్చు గదరా! ఈ రేటు ఎవురు పెట్టినారు? మనల్నేమన్నా అడిగినారా?"

చిక్కేమిటంటే, అడుగుతారు. విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ (అందరూ 'ఏరా' అంటారు) చార్జీలు నిర్ణయించే ముందు అందరినీ సంప్రదించాలని 2008 నాటి చట్టం 13వ సెక్షన్‌లో రాసుంది. 2021లో శంషాబాద్ చార్జీల మీద అలాంటి కన్సల్టేషన్ పేపరే వచ్చింది. నేను చదవబోయాను. వందల పేజీలు. ఇంజినీరింగ్ చదివి, రోజంతా ఇంగ్లీషు డాక్యుమెంట్లతో బతికేవాణ్ణి. పదిహేనో పేజీకి కళ్ళు తిరిగాయి. ఇక అమ్మని ఏమడిగినట్టు?

దీనికి మనం పెట్టుకున్న పేరు ప్రజాభిప్రాయ సేకరణ. ఆ 'సేకరణ' మాట ఎక్కడెక్కడ వాడతామో చూడండి. భూసేకరణ, ధాన్యం సేకరణ, చెత్త సేకరణ. లారీ వస్తుంది, ఎత్తుకుని పోతుంది. అభిప్రాయమైనా అంతే. ఇచ్చినవాడితో మళ్ళీ మాట్లాడాల్సిన పని ఆ మాటలో ఎక్కడా లేదు.

"సాంకేతిక విషయాలు తెలుగులో చెప్పలేం" అంటారు. సరే, నేను ప్రయత్నిస్తాను. ఆ కాగితాల్లో కీలకమైన మాట 'హైబ్రిడ్ టిల్'. టిల్ అంటే గల్లాపెట్టె. విమానాశ్రయానికి రెండు రకాల రాబడి ఉంటుంది. ఒకటి విమానాలు దిగినందుకు, ప్రయాణికులు టెర్మినల్ వాడుకున్నందుకు వచ్చేది. రెండోది టీ కొట్లు, బట్టల షాపులు, హోర్డింగుల వంటి వాటి నుంచి వచ్చేది. అంతా ఒకే గల్లాలో వేస్తే కొట్ల లాభం మొత్తం మన చార్జీలు తగ్గించడానికి పనికొస్తుంది. రెండు గల్లాలు పూర్తిగా విడిగా ఉంటే ఆ లాభం నడిపేవాళ్ళదే. 2016 పౌర విమానయాన విధానం మధ్యేమార్గం పట్టింది: కొట్ల గల్లాలో రూపాయి పడితే ముప్పై పైసలు మొదటి గల్లాలోకి మార్చాలి. మిగతా డెబ్భై పైసలు నడిపేవాళ్ళకి.

అంతే. చంద్రగిరి సంతలో కూరగాయలమ్మే మనిషికి చెప్పినా అర్థమవుతుంది. ముప్పై ఎందుకు, యాభై ఎందుకు కాదు అని వెంటనే తిరిగి అడుగుతుంది కూడా. బహుశా భయం ఆ ప్రశ్నకేనేమో.

మరి టీ ధర సంగతి? దాన్ని ఏరా నిర్ణయించదు. కొట్టు ఎవరికిచ్చారన్నది నిర్ణయిస్తుంది. దానికీ తెలుగు ఉంది: పాట. మా వైపు చింతచెట్లకి పాట, సంత గేటుకి పాట. ఎక్కువ పాడినవాడికే హక్కు. విమానాశ్రయంలోనూ నెలకి కనీసం ఇంత కడతాననో, అమ్మకాల్లో ఇంత వాటా ఇస్తాననో ఎక్కువ పాడినవాడికే సాధారణంగా కొట్టు దక్కుతుంది. ఆ పాట సొమ్ము టీ కప్పులోంచే రావాలి. కాబట్టి ధర టీ పొడిదీ కాదు, పాలదీ కాదు. పాట నియమానిది. నియమం మారితే ధర మారుతుంది. 2024 డిసెంబరులో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ పెట్టి పది రూపాయలకే టీ ఇచ్చారు. అప్పుడు పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం మనిషే, కింజరాపు రామ్మోహన్ నాయుడు. పది రూపాయలకి అమ్మడం సాధ్యమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మిగతా కొట్ల గురించి మాట్లాడదామా?

"విమానం ఎక్కేవాళ్ళకి ఇంగ్లీషు వస్తుందిలే" అనే మిత్రులున్నారు. విమానాశ్రయం ఎక్కేవాళ్ళది మాత్రమేనా? రేణిగుంటకి దగ్గర్లోనే శ్రీకాళహస్తి కలంకారీ, మాధవమాల కొయ్యబొమ్మలు ఉన్నాయి. పాట పాడే తాహతు వాళ్ళకెక్కడిది? 2022లో 'అవసర్' అనే పథకం కింద మహిళా సంఘాలకి టెర్మినల్లో కాస్త చోటు ఇవ్వడం మొదలుపెట్టారు, వంతులవారీగా పదిహేను రోజులు. మంచిదే. పదిహేను రోజులు చాలవని వాళ్ళు చెప్పాలంటే ఆ కాగితం వాళ్ళ భాషలో ఉండాలి కదా.

పైగా మన రేణిగుంట ఏరా పరిధిలోకే రాదు. 2019 సవరణ తర్వాత ఏడాదికి 35 లక్షల ప్రయాణికులు దాటితేనే 'ప్రధాన' విమానాశ్రయం. 2021 సవరణతో చిన్నవాటిని పెద్దవాటితో గుంపుగా కట్టే వీలొచ్చింది. అదే ఏడాది ప్రకటించిన మానిటైజేషన్ జాబితాలో తిరుపతి పేరుంది. అంటే రేపు ఇక్కడి గల్లాపెట్టె చేతులు మారొచ్చు. ఇప్పుడే నోరు తెరవాలి.

మా ఊరి కోట పేరు చెబితే 1639 గుర్తొస్తుంది. చంద్రగిరి రాజుల ఏలుబడిలోని నాయకుడు మద్రాసు తీరంలో కోట కట్టుకుని వ్యాపారం చేసుకోమని ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చిన ఏడాది. అక్కడి జాలరులని ఎవరూ అడగలేదు. అడగాలన్న చట్టం అప్పుడు లేదు. ఇప్పుడుంది. అదొక్కటే తేడా, కానీ పెద్ద తేడా.

సాహిత్య పత్రికలో ఈ గోలేమిటంటారా? మనం కథలో ఒక్క వాక్యం కుంటితే పేజీలకి పేజీలు రాస్తాం. మన జేబుల మీద, మన ఊళ్ళ మీద నడిచే గద్యాన్ని మాత్రం "అఫీషియల్" అని వదిలేస్తాం. దాన్ని కూడా చదవాలి, అది ఎవరితో మాట్లాడుతోందో, ఎవరిని వదిలేస్తోందో చెప్పాలి. విమర్శకుడి పని అదే కదా.

అడగాల్సినవి మూడే. సారాంశం తెలుగులో ఇవ్వండి. సభ తిరుపతిలో కూడా పెట్టండి. తెలుగులో రాసిన ప్రతి అభ్యంతరానికీ తెలుగులో జవాబివ్వండి. వచ్చే కన్సల్టేషన్ పేపర్‌కి నేను తెలుగులోనే రాసి పంపిస్తాను. మీరూ పంపండి. చదవలేకపోతే అనువాదకుణ్ణి పెట్టుకుంటారు. ఇన్నాళ్ళూ ఆ ఖర్చు మన నెత్తినే ఉంది.

అమ్మ ప్రశ్నకి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. "అడిగినారు మా, నీకు అర్థం కాకుండా అడిగినారు" అనాల్సింది.