గుర్రుమన్న కుక్కను కొట్టకండి



మొన్న ఆరాధన ముగిశాక ఒక సహోదరుని ఇంటికి భోజనానికి వెళ్లాము. ఆయన మూడు నెలల కుక్కపిల్లను చెప్పుతో కొడుతున్నారు. ఎందుకయ్యా అంటే, "పొద్దున వరండా పాడు చేసింది అయ్యగారూ, ఇప్పుడు నేర్పకపోతే ఇంకెప్పుడు?" అన్నారు.

పొద్దున చేసిన పనికి మధ్యాహ్నం దెబ్బ! తాను చేసినదాన్నీ, ఆ వెంటనే జరిగినదాన్నీ మాత్రమే కుక్క కలుపుకోగలదు. గంటలు గడిచాక పడిన దెబ్బ దానికి నేర్పేది ఒక్కటే: ఈ మనిషి దగ్గరికి రాకూడదని.

"తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూడండి" అని కూడా అన్నారు. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు సరిగ్గా ఈ ముఖాన్నే పరీక్షించారు. తినవద్దన్నది తిన్నా తినకపోయినా, యజమాని గద్దించినప్పుడే కుక్కలు ఎక్కువగా ఆ ముఖం పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు ప్రియులారా, భయం.

ఇక మన యువకులు ఫోనులో చూసి చెప్పే మాట ఒకటుంది: కుక్క తోడేలు జాతి, నాయకుడివి నువ్వేనని చూపకపోతే నెత్తికెక్కుతుందని. ఆ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించిన తోడేళ్లను చూసి రాసిన వ్యాసం. దాన్ని తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చినవారిలో ఒకరైన డేవిడ్ మెక్ గారే 1999లో దిద్దుకున్నారు. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లి, తండ్రి, పిల్లలు, ఒక కుటుంబం. చెప్పినవారే వెనక్కి తీసుకున్న మాటను మనం కర్రతో నిలబెడుతున్నాము.

బెత్తం గురించి సామెతల గ్రంథంలో లేదా అని అడుగుతారు. ఆ మాట కుమారుల గురించి. పశువుల గురించిన మాట అదే గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనంలో ఉంది, దయచేసి తెరిచి చూడండి. బిలాము గాడిదను కూడా జ్ఞాపకం చేసుకోండి. పొలంలోకి తప్పుకుంది, గోడకు ఒరిగింది, చివరికి కూలబడింది. మూడుసార్లూ దెబ్బలే. కత్తి దూసి నిలిచిన దూత దానికి కనబడ్డాడు, ప్రవక్తకు కనబడలేదు.

మేమూ బిలాములమే. మా కుక్క అన్నం తింటుంటే మా చిన్నవాడు గిన్నె దగ్గరికి వెళ్లాడు. అది గుర్రుమంది. మేము కర్ర తీశాము. నాలుగు రోజులు అలాగే చేశాక గుర్రుమనడం మానేసింది, దారికొచ్చిందని సంతోషించాము. తరువాతి వారం ఏ చప్పుడూ లేకుండా వాడి చెయ్యి కరిచింది. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, టీకాలకు ప్రభుత్వ ఆసుపత్రికి పరుగెత్తాము. ఊరంతా "ఉన్నట్టుండి కరిచింది" అన్నారు. ఉన్నట్టుండి కాదు. అది చెబుతూనే ఉంది, మేమే దాని నోరు నొక్కాము. దెబ్బకు గుర్రు ఆగింది గానీ, గిన్నె పోతుందన్న భయం ఆగలేదు.

గుర్రుమనేందుకు ముందే అది చాలా చెబుతుంది. ముఖం తిప్పుకుంటుంది, పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు చూపుతుంది, ఒళ్లు బిగబడుతుంది. తోక ఊపిందంటే సంతోషమేనని కూడా అనుకోకండి. బిగుసుకున్న తోక ఊగితే దూరం జరగండి, ముందుగా పిల్లలను జరపండి. రోజంతా గొలుసుతో కట్టి, తిప్పకుండా ఉంచిన కుక్క మీద పడుతోందని వాపోయేవారికి ఒక మాట: అలా ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఆ సహోదరునికి మేము చెప్పింది ఇంతే. నిద్ర లేవగానే, తిన్న వెంటనే పిల్లను బయటికి తీసుకెళ్లండి. అక్కడ పని కానిస్తే ఆ క్షణమే ఒక ముక్క పెట్టండి. లోపల పాడు చేస్తే మాట్లాడకుండా తుడిచేయండి. ఆయన నవ్వారు, "కుక్కకు లంచమా అయ్యగారూ" అని. జీతం అన్నాము.

మా కుక్క గిన్నె దగ్గరికి ఇప్పుడు పిల్లలెవరూ వెళ్లరు. మేమే దూరం నుండి ఒక మాంసం ముక్క విసిరి వెనక్కి వచ్చేస్తాము. రెండు నెలలకు, మా అడుగుల చప్పుడు వింటే తల ఎత్తి ముక్క కోసం చూడడం మొదలుపెట్టింది. కర్ర పట్టుకుని ఎవరైనా వీధిలో వెళ్తే మాత్రం ఇప్పటికీ మంచం కిందికి దూరుతుంది.