బస్సుయాత్ర కాదు, తోటనడక కావలెను

తోటకు పోవుట వేఱు, తోటను చూచుట వేఱు. ఈ భేదమును బెంగుళూరులోని మన తెలుగు సంఘములు పాటింపకున్నవని మా అభియోగము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషన్ వఱకు చదివి, గుమాస్తాగిరీ చేసి, విశ్రాంతి పుచ్చుకొన్నవారము. అయినను దస్త్రములను మోయుటకును, దస్త్రమును చదువుటకును గల వ్యత్యాసము మాకు బాగుగ తెలియును.

జనవరిలోను ఆగస్టులోను లాల్‌బాగున పుష్పప్రదర్శనము జరుగును. సంఘమువారు బస్సు కుదుర్చుదురు. అఱువదిమంది ఎక్కుదురు. గాజుమేడలో జనము నెట్టినవైపునకే నడచి, పూలతో కట్టిన బొమ్మయెదుట ఛాయాచిత్రములు తీయించుకొని, పులిహోర పొట్లములు విప్పి, చీకటి పడకముందే యిల్లు చేరుదురు. వార్షిక నివేదికలో దీనికి సాంస్కృతిక యాత్రయని పేరు! ఏ చెట్టును చూచితిరని అడిగిన బదులు చెప్పువారు లేరు.

అది సామాన్యమైన తోటయా? 1760లో హైదరాలీ ప్రారంభింపగా టిప్పుసుల్తాను పెంచెను. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానమయ్యెను. 1889లో గాజుమేడకు శంకుస్థాపన జరిగెను. అందలి బండ వయస్సు ఇంచుమించు 300 కోట్ల సంవత్సరములు. ఆ బండపైని గోపురము కెంపేగౌడ పేరిటిది; ఆ పేరిటనే తెలుగున ‘గంగాగౌరీవిలాసము’ అను యక్షగానమున్నదని మన పిల్లలకు చెప్పువారెవరు? మన వంటయింట తఱుగు బెంగుళూరు వంకాయ అమెరికా ఖండపు తీగ కాయయనియు, ఈ తోటను పాలించిన జాన్ కామెరాన్ దానిని ఇచ్చటికి తెచ్చెననియు చెప్పువారెవరు? 1908లో వచ్చిన జర్మను దేశీయుడు క్రుంబిగెల్, ఒక వీథి పూత ముగియునప్పటికి వేఱొక వీథి పూచునట్లు చెట్లను ఎన్నుకొనెను. ఆ వీథులలోనే మనము తలవంచుకొని కూరగాయలకు పోవుచున్నాము.

కావున మేము కోరునది ఇది. పన్నెండుమందికి మించని బృందము, తెలిసినవారొకరు, రెండు గంటల నడక, పది చెట్లు. అంతకంటె నక్కఱలేదు. ఇట్టి నడకలు ఈ నగరమున ఇదివఱకే కలవు గాని, పెక్కింట వివరణము ఆంగ్లమున సాగును. బూరుగు, కానుగ, నేరేడు అని తెలుగున చూపి, కానుగను ఇచ్చటివారు హొంగెయందురు, నేరేడును నేరళెయందురు అని కన్నడనామమును కూడ నేర్పు నడకను మనము గాక మఱెవరు ఏర్పఱతురు? మన భాషను నిలుపుకొనుటకును, మనకు నీడనిచ్చిన నేల భాషను గౌరవించుటకును ఇది యొకే దారి.

పన్నెండుమందిని మాత్రమే తీసికొనిపోయిన తక్కినవారు నొచ్చుకొందురని కొందఱందురు. పన్నెండును ఐదుచే గుణించిన అఱువదియే కదా! ఐదు ఆదివారములలో అందఱును చూతురు. బస్సు కిరాయిలో కొంత తోట తెలిసినవారికి సంభావనగా నిచ్చిన, ఎవరియొద్దను రుసుము తీసికొనవలసిన పని లేదు. ఇది పెద్దమనుషుల వేడుకయను ఆక్షేపణము దానితో తీరును.

సొంత తోటలలోనికి మనలను ఎవరు రానిత్తురని మఱికొందఱందురు. ఇంగ్లండున 1927లో 609 తోటల యజమానులు తలకొక షిల్లింగు చొప్పున జనమును రానిచ్చి, ఆ సొమ్మును నర్సుల సేవకు ఇచ్చిరి. ఆ యేర్పాటు నేటికిని సాగుచున్నది. బసవనగుడిలోను మల్లేశ్వరములోను పాత యిండ్ల పెరళ్ళు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిలో సంపెంగ, పారిజాతము, పనస కలవు. బస్సెడు జనమన్న ఏ గృహస్థుడైనను తలుపు మూయును. పన్నెండుమంది ముందుగా అనుమతి యడిగి వచ్చిన, తన చేతిచెట్టును చూపుటకు సంతసింపని వాడుండునా? ఆ పెరళ్ళు ఒక్కొక్కటిగా అపార్టుమెంట్ల పునాదులగుచున్నవి. రేపు చూతమన్న, రేపటికి గోడలే యుండును.

ఇది వినోదమునకు సంబంధించిన తగవు కాదు. 2009లో మెట్రో రైలు కొఱకు లాల్‌బాగు ప్రహరీ కూల్చి చెట్లు నఱకినపుడు పౌరులు వీథికెక్కిరి. 2025లో సొరంగమార్గపు ప్రతిపాదన ఆ తోటను తాకినపుడు మరల నిరసించిరి. వారిలో మన సంఘముల పతాక యేది? చెట్టు పేరెఱుగనివాడు చెట్టు కొఱకు నోరు విప్పడు. మూడుతరములుగా ఇచ్చట స్థిరపడినవారమని చెప్పుకొను మనము, ఈ యూరి చెట్లకు ఇంకను అతిథులమేనా?

కార్యవర్గము వారికి మా విన్నపము. వచ్చు సంవత్సరపు లెక్కలలో బస్సు పద్దును కొట్టివేసి, ఆ స్థానమున తోటనడక పద్దును వ్రాయుడు. మొదటి పన్నెండుమంది పేర్లను వ్రాయు గుమాస్తా పనికి మేము జీతము లేకయే సిద్ధము.