'లేదు' అని తెరమీద వస్తే ఆగి చూడండి

పెద్దేముల్, తాండూరు వైపు నుంచి హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ కొలువులు చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ హెచ్చరిక. ఇంకా ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు కూడా. సోర్సు కోడ్ దించుకుని కాన్ఫిగర్ స్క్రిప్టు నడపగానే వరుసలకు వరుసలు జారిపోతాయి. ఈ లైబ్రరీ ఉంది, ఆ లైబ్రరీ లేదు. ఎవరూ చదవరు. చదవాల్సింది అక్కడే.

స్క్రిప్టు చేసే పని చిన్నదే. బుల్లి ప్రోగ్రామొకటి రాసి కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ అయితే 'ఉంది', కాకపోతే 'లేదు'. ఎందుకు కాలేదో దానికి పట్టదు. లైబ్రరీ నిజంగా లేకపోయినా, పరీక్ష ప్రోగ్రాములోనే తప్పున్నా జవాబు ఒక్కటే.

2024 ఫిబ్రవరిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో ఈ సందునే వాడుకున్నారు. కాన్ఫిగర్‌లాగే పరీక్షలు చేసే సీమేక్ అనే బిల్డ్ సాధనంలో, ల్యాండ్‌లాక్ అనే లినక్స్ రక్షణ ఉందో లేదో చూసే పరీక్షలో ఒకే ఒక్క చుక్క అదనంగా చేరింది. ఇక ఆ పరీక్ష ఎన్నటికీ కంపైల్ కాదు. సీమేక్‌తో బిల్డ్ చేసినచోట ఆ రక్షణ చప్పుడు లేకుండా పోయింది. చుక్క పెట్టింది జియా టాన్ అనే పేరు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించిన పేరు.

అసలు విషం, అంటే దొడ్డిదారి కోడ్, మాత్రం ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 విడుదల టార్‌బాల్‌లలో ఉంది. గిట్‌లో కనిపించని ఎం4 ఫైలు ఒకటి కాన్ఫిగర్ నడిచేటప్పుడే మేల్కొని, డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ కడుతున్నారా అని చూసుకుని, పరీక్ష ఫైళ్లలో దాచిన కోడ్‌ను లైబ్రరీలో కలిపింది. గురి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ల మీద. పొలంలో చూపించిన విత్తనం ఒకటి, సంచిలో పోసింది ఇంకొకటి. నకిలీ విత్తనాలతో చేతులు కాల్చుకున్న రైతుబిడ్డలకు ఈ మోసం కొత్తదేం కాదు.

ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి మార్చి 29న గుట్టు బయటపడింది. తీవ్రత 10కి 10 వేశారు. డెబియన్ స్థిర విడుదలకు చేరకముందే దొరికింది. మనల్ని కాపాడింది ఆ అర సెకను గానీ, మన పద్ధతులు కాదు.

కాబట్టి రక్షణకు సంబంధించిన లైబ్రరీ దొరక్కపోతే బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోయేలా రాయండి. 'లేదు' వచ్చినచోట లాగ్ తెరిచి కారణం చూడండి. గిట్ ట్యాగ్ నుంచి కోడ్ తీసుకుని ఆటోరీకాన్ఫ్‌తో కాన్ఫిగర్‌ను మీరే తయారు చేసుకోండి. టార్‌బాల్‌లోనే ఆ పని చేస్తే లాభం లేదు, పాడు ఫైలు అందులోనే ఉంటుంది. ఊరూ పేరూ తెలియని స్క్రిప్టును రూట్‌గా నడపొద్దు.

ఈ రోజే మీ కంప్యూటర్లలో, మీరు చూసుకునే సర్వర్లలో ఎక్స్‌జెడ్ వెర్షన్ చూడండి. 5.6.0 గానీ 5.6.1 గానీ కనిపిస్తే వెంటనే తీసేసి, సరిచేసిన వెర్షన్ వేసి, పాస్‌వర్డ్‌లూ ఎస్‌ఎస్‌హెచ్ కీలూ మార్చండి.